శీతాకాలంలో గ్రీస్: రెండు వారాల ప్రాచీన సంస్కృతి కోర్సుకి ప్రణాళిక, వీసా, చదువు, తిండి

తెనాలి_సాహితి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. జనవరిలో 14 రోజుల కోర్సు, మూడు క్రెడిట్లు, ఏథెన్స్ కేంద్రంగా. 18 మంది విద్యార్థులు. కొందరు హైదరాబాద్, గుంటూరు నుంచి వస్తారు, కొందరు అమెరికాలో చదువుతున్న మన పిల్లలు. ముసాయిదాలో ఏథెన్స్, కొరింత్, మైసీనే, ఎపిడారస్, డెల్ఫీ, ఒలింపియా, క్రీట్, డీలోస్ ఉన్నాయి. ఇన్ని పడతాయా? వీసా ఎప్పుడు మొదలెట్టాలి? చలికాలం గ్రీస్‌లో చూడటానికేముంటుందని అడిగే తల్లిదండ్రులకి ఏం చెప్పాలి? ఆ దేశాన్ని, ఆ చదువుని ఎరిగినవాళ్లు వివరంగా రాయండి.

ఓరుగల్లు_కోట

సాహితి గారూ, ముందు ఆ జాబితాలోంచి మూడు పేర్లు కొట్టేయండి. డీలోస్, ఒలింపియా, క్రీట్.

డీలోస్‌కి మైకొనోస్ నుంచి పడవలో పోవాలె. చలికాలం ఆ పడవలు నడవవు. ఒలింపియా ఏథెన్స్‌కి దాదాపు 300 కిలోమీటర్లు, పోను ఒక పగలు, రాను ఒక పగలు. క్రీట్ సంగతి కింద చెప్తా.

జనవరి మొదట్లో ఏథెన్స్‌ల సూర్యోదయం ఏడూ నలభై ప్రాంతంల, అస్తమయం ఐదుంబావు దాటినంక. వెలుతురుండేది తొమ్మిదిన్నర గంటలే. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా చలికాలపు వేళలు నడుస్తయి. ఏథెన్స్ కోట కొండ ఆక్రొపొలిస్ పొద్దున 8 నుంచి సాయంత్రం 5, ఆఖరి ప్రవేశం నాలుగున్నరకి. మైసీనే, డెల్ఫీ లాంటి చోట్లయితే మధ్యాహ్నం మూడున్నరకే గేటు పడుతది. వేసవి ప్రణాళికను తేదీలు మార్చి జనవరికి వాడితే చెడేది ఇక్కడనే. వేసవిల రాత్రి 8 దాకా తెరిచి ఉంటది కాబట్టి రోజుకు మూడు చోట్లు సాగుతయి. జనవరిల మధ్యాహ్నం రెండింటికి బస్సు దిగితే గంటన్నర కూడ మిగలది. రోజుకు ఒక పురావస్తు క్షేత్రం, ఒక మ్యూజియం, అంతే. క్షేత్రం పొద్దున, మ్యూజియం మధ్యాహ్నం. వాన పడితే ఆ వరస తిప్పుకోవాలె.

సెలవులు చూసుకోండి. డిసెంబరు 25, 26, జనవరి 1న క్షేత్రాలు మూసి ఉంటయి. జనవరి 6 క్రైస్తవుల థియోఫనీ పండుగ, దేశమంతటా సెలవు, గ్రంథాలయాలు, బ్యాంకులు తెరవవు. అందుకే జనవరి 2కి ముందు దిగొద్దు. చాలా మ్యూజియాలకు మంగళవారం సెలవు. జాతీయ పురావస్తు మ్యూజియం మాత్రం చలికాలం మంగళవారాల్లో మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 8 దాకా తెరుస్తరు, తక్కిన రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి మూడున్నర. కాబట్టి మంగళవారం పొద్దున ఆరుబయట తిరిగి, మధ్యాహ్నం నుంచి ఆ మ్యూజియంల ఉండండి. టికెట్లు తీసుకునే ముందు ఆ వారం వేళలు ఒకసారి చూసుకోవాలె, ఏటా కొద్దిగా మారుస్తుంటరు.

డాలస్_వేణు

క్రీట్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. క్నొసోస్ రాజభవనం చూడకుండా, హెరాక్లియోన్ మ్యూజియంలో ఫైస్టోస్ మట్టి బిళ్ల చూడకుండా గ్రీస్ కోర్సంటే సగమే కదా? ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి రాత్రి ఓడ ఎక్కితే తొమ్మిది గంటల్లో తెల్లారేసరికి దిగుతారు. బస ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఓరుగల్లు_కోట

వేణు గారూ, క్రీట్ గొప్పతనం గురించి నాకు పేచీ లేదు. పేచీ గాలితోని. గాలి ముదిరితే రేవు అధికారులు ఓడలను బయలుదేరనియ్యరు. జనవరిల అది మామూలే. 18 మంది ఒక దీవిల ఇరుక్కుంటే రెండు రోజుల పాఠాలు, బస బుకింగులు అన్నీ పోతయి. అయినా పోవాలంటే కోర్సు మధ్యల పెట్టుకోండి, తిరుగు విమానానికి ముందు కనీసం మూడు రాత్రులు ఏథెన్స్‌ల మిగిలేటట్టు. ఇంకొకటి, క్నొసోస్‌ల కనపడే ఎర్ర స్తంభాలు, పై అంతస్తులు చాలా వరకు అక్కడ తవ్వకాలు చేసిన ఆర్థర్ ఈవాన్స్ 1900 తర్వాత కాంక్రీటుతోని కట్టించినవి. ప్రాచీనమేది, ఆయన ఊహ ఏది అని విడదీసి చూపాలంటే ఒక పూట చాలదు. రెండు రోజులు ఇవ్వలేకుంటే పోవద్దనే నా మాట.

డాలస్_వేణు

గాలి మాట ఒప్పుకుంటాను. మరైతే కంచుయుగపు కోట మైసీనేని బాగా లోతుగా చూపాలి.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి కొన్ని విషయాలు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం తిరిగి అడుగుపెట్టే రోజుకి ఏడాది లోపుది కావాలి. డిసెంబరు పరీక్షల వారంలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం కిటకిటలాడుతుంది, అక్టోబరులోనే తీసేసుకోండి. పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు గడువు తీరిపోయి ఉంటే గ్రీస్ నుంచి నేరుగా వెనక్కి రాలేరు. ముప్పై రోజుల లోపు కెనడాకో మెక్సికోకో వెళ్లొస్తే పాత స్టాంపే చెల్లే సడలింపు ఒకటుంది. అది యూరప్‌కి వర్తించదు. ఈ ఒక్క పొరపాటుతో వసంత సెమిస్టరు పోగొట్టుకునే ప్రమాదం ఉంది, అందుకని పేరు నమోదుకి ముందే అందరి స్టాంపు తేదీలూ ఒక పట్టికలో రాయించండి.

గ్రీస్ వీసాకి అమెరికాలో మీరుంటున్న రాష్ట్రం ఏ కాన్సులేట్ పరిధిలోకి వస్తే అక్కడే దరఖాస్తు చేయాలి. నచ్చిన ఊరు ఎంచుకునే వీలుండదు.

విజయవాడ_వీసా_పత్రాలు

హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం.

కావలసింది షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) స్వల్పకాల వీసా, సి రకం. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు, మీ 14 రోజులకి ఇబ్బంది లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు అందాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన ఉంటే 45 రోజుల దాకా తీసుకునే అధికారం వాళ్లకుంది. జనవరి ప్రయాణమైతే అక్టోబరు చివరికల్లా వేలిముద్రలు ఇచ్చేసేలా చూసుకోండి. డిసెంబరులో స్లాట్లు దొరకవు.

పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, షెంగెన్ దాటి బయటికొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. బీమా కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా తీసుకోండి. గ్రీస్ ఒక్కదానికే తీసుకున్న పాలసీ చెల్లదు.

చాలామందికి తెలియని సంగతొకటి. పెద్దలకి వీసా రుసుము 90 యూరోలు. అయితే చదువు నిమిత్తం వెళ్లే విద్యార్థులకీ, వెంట వెళ్లే అధ్యాపకులకీ షెంగెన్ వీసా కోడ్‌లోనే ఆ రుసుము మినహాయింపు ఉంది. దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము మాత్రం కట్టాల్సిందే. మినహాయింపు కావాలంటే కాలేజీ ఉత్తరంలో కోర్సు పేరు, క్రెడిట్లు, రోజువారీ పాఠ్య ప్రణాళిక, బాధ్యత వహించే అధ్యాపకుడి పేరు కనిపించాలి. ‘విద్యా విహారయాత్ర’ అని మాత్రమే రాసిచ్చిన ఉత్తరంతో అధికారి దాన్ని పర్యాటకంగానే లెక్కగడతారు.

ఇంకా ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, డబ్బు పెట్టేది తల్లిదండ్రులైతే వాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, సంబంధం చూపే పత్రం జతచేయండి. దరఖాస్తుకి ముందు రోజు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే అనుమానం వస్తుంది. ఆ సొమ్ము ఎక్కడిదో తెలిపే కాగితం పెట్టండి.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ నగరాల మీదుగా వెళ్తే ప్రవేశ ముద్ర ఏథెన్స్‌లో పడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే అక్కడే షెంగెన్‌లోకి అడుగుపెట్టినట్టు, కాబట్టి వీసా చెల్లుబాటు ఆ రోజుకే మొదలై ఉండాలి. వేలిముద్ర, ఫొటో తీసుకునే ఈఈఎస్ అనే సరిహద్దు నమోదు పద్ధతి వచ్చాక వరసలు నెమ్మదించాయి. విమానం మారడానికి మూడు గంటలకి తక్కువ పెట్టుకోవద్దు.

శిలాశాసనం

చలికాలం ఏముంటుందని అడిగే తల్లిదండ్రులకి చెప్పాల్సిన జవాబు ప్రాచీన గ్రీకుల పంచాంగంలోనే ఉంది.

ఏథెన్స్‌వాళ్ల గమీలియోన్ మాసం మన జనవరి, ఫిబ్రవరిల్లో పడుతుంది. ఆ నెలలో నాటకాల దేవుడు డయొనైసస్‌కి లేనాయా అనే ఉత్సవం జరిగేది, నాటక పోటీలుండేవి. అరిస్టోఫనీస్ రాసిన అకార్నియన్స్ క్రీ.పూ. 425లో ఆ పోటీలోనే మొదటి బహుమతి పొందింది. అందులో నాయకుడు ‘ఇప్పుడు మన వాళ్లమే ఉన్నాం, పరదేశులింకా రాలేదు’ అన్న అర్థం వచ్చే మాట అంటాడు. చలికాలం సముద్రయానం ఉండేది కాదు, మిత్ర నగరాల ప్రతినిధులు వసంతంలో డయొనైసస్ పెద్ద ఉత్సవం డయొనీసియాకి వచ్చేవారు. యుద్ధం వద్దని సొంత నగరాన్ని రంగస్థలం మీద నిలదీసే మాటలు ఇంటివాళ్ల మధ్య చెప్పుకోవడానికి కుదిరిన కాలం అది. ఈ నాటకం మొదలయ్యేది ప్నిక్స్ గుట్ట మీద, సభ కోసం ఒంటరిగా ఎదురుచూసే ఒక రైతుతో. జనవరి పొద్దున ప్నిక్స్ మీద జనం పలచగా ఉంటారు. ఆ మొదటి దృశ్యాన్ని అక్కడే నిలబడి గట్టిగా చదివించండి. ఆగస్టులో ఆ పని కుదరదు.

డెల్ఫీ కూడా అంతే. చలికాలం మూడు నెలలు అపోలో అక్కడ ఉండడని, ఆ కాలం డయొనైసస్‌దని నమ్మేవారు. డెల్ఫీలో పూజారిగా పనిచేసిన ప్లూటార్కే ఈ మాట రాశాడు. అపోలో తరఫున జోస్యం చెప్పే పూజారిణి పీథియా పలికేది తక్కిన తొమ్మిది నెలల్లో, ఏడో తేదీన. మీ పిల్లలు వెళ్లేది దేవుడు ఊళ్లో లేని నెలలో. ఆ లేకపోవడం మీదే ఒక పాఠం నడపొచ్చు.

కరీంనగర్_కవిత

శిలాశాసనం గారూ, గ్రీకు భాష రానివాళ్లు శాసనాలు చదవగలుగుతారా? రెండు వారాల్లో అది సాధ్యమేనా?

శిలాశాసనం

భాష రాదు కవిత గారూ, లిపి వస్తుంది. బయలుదేరేముందు మూడు వారాలు రోజుకి పావుగంట, 24 పెద్ద అక్షరాలు. అయితే ఇక్కడొక చిక్కు. పాఠ్యపుస్తకాల్లో ఉండేది అయోనియా లిపి, ఏథెన్స్ అధికారికంగా దాన్ని తీసుకున్నది క్రీ.పూ. 403లో. అంతకుముందు రాళ్ల మీద ఈటా అక్షరం ‘హ’ శబ్దానికి వాడారు, ఒమెగా లేదు, గామా చూడటానికి లామ్డాలా ఉంటుంది. నేర్చుకున్నది పనికిరావట్లేదని విద్యార్థి మొదటి రోజే చేతులెత్తేస్తాడు. పాత ఆటిక్ అక్షరాల పట్టిక ఒకటి అచ్చు వేయించి నోటుపుస్తకంలో అంటించి ఇవ్వండి.

అన్నిటికన్నా సులువు అంకెలు. నిలువు గీత 1, పై (Π) అనే అక్షరం 5, డెల్టా (Δ) 10, ఈటా (Η) 100, ఖీ (Χ) 1,000, మ్యూ (Μ) 10,000. Π లోపల చిన్న డెల్టా కూర్చుంటే 50, ఈటా కూర్చుంటే 500. ఇవి వస్తే జాతీయ మ్యూజియం పక్కనే ఉన్న శాసనాల మ్యూజియంలో కప్పపు జాబితాలు చదవచ్చు. క్రీ.పూ. 454 నుంచి మిత్ర నగరాలు కట్టే కప్పంలో అరవయ్యో వంతు అథీనా దేవికి తీసిపెట్టి ఆ లెక్క రాతి మీద చెక్కారు. ఒక టాలెంటుకి 6,000 ద్రాక్మాలు, కాబట్టి రాతి మీద 100 అని ఉంటే ఆ ఊరు కట్టింది ఒక టాలెంటు. ఒక్కొక్కరికి అయిదు ఊళ్లు ఇచ్చి, అరవైతో హెచ్చవేయించి, పటం మీద గుర్తు పెట్టించండి. ఏథెన్స్ సామ్రాజ్యం ఎంత దూరం పాకిందో పిల్లలు తమ చేతి లెక్కతో తేల్చుకుంటారు. మంగళవారం ఆ మ్యూజియం పెట్టుకోవద్దు.

రాతిని తాకకూడదు. తడి కాగితం వేసి అచ్చు తీయడానికి విడిగా అనుమతి కావాలి, రెండు వారాల కోర్సుకి ఆ ప్రయత్నం వద్దు. చిన్న టార్చి పక్కవాటుగా పట్టుకుంటే అరిగిన అక్షరాలు లేచి కనిపిస్తాయి. దానికీ ముందు కాపలాదారుని అడగండి.

ఓరుగల్లు_కోట

ఆక్రొపొలిస్ మీద పిల్లలను ఊరికె నిలబెట్టి ఉపన్యాసం చెప్తే చలికి వణుకుడు తప్ప ఏం ఎక్కది. పని ఇయ్యాలె.

అథీనా గుడి పార్థెనాన్ కట్టుడు క్రీ.పూ. 447ల మొదలైంది, శిల్పాలతో సహా 432కి పూర్తయింది. బయటి వరసల 8 × 17 స్తంభాలు, మూలలవి రెండుసార్లు లెక్కపెట్టకుంటే మొత్తం 46. ఒక్కొక్క దానికి 20 గాడులు. మొదటి పని, మెట్టు మూల దగ్గర కన్ను మెట్టు ఎత్తుకు ఆనించి పొడుగునా చూడుమనాలె. దాదాపు 70 మీటర్ల పొడుగుల నడుమ 11 సెంటీమీటర్ల ఉబ్బు కనపడుతది. ఒక మూల పిల్లగాడు టోపీ పెట్టి, రెండో మూల నుంచి ఇంకొకరు చూస్తే టోపీ సగం మాయమవుతది. తాడు దాటకుండ చేయాలె, కొన్ని చోట్ల మెట్టు దగ్గరికి పోనియ్యరు. అప్పుడు దూరంకెళ్లి ఫొటో తీసి తెర మీద స్కేలు పెట్టి చూపుడే.

రెండో పని, పాత రాయి, కొత్త రాయి విడదీసుడు. కొత్త పాలరాయి కూడ పెంటెలికోన్ కొండదే, ఇంకా తెల్లగుంటది. ప్రాచీనులు రాళ్లను ఇనుప బిగింపులతోని కలిపి చుట్టూ కరిగిన సీసం పోసేటోళ్లు, సీసం నీటిని ఆపింది, ఇనుము తుప్పు పట్టలేదు. 1898 నుంచి బలానోస్ అనే ఇంజినీరు చేసిన మరమ్మతుల్ల ఇనుము పెట్టిండ్రు గాని ఆ సీసపు కాపు లేదు. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతది, ఉబ్బితే పాలరాయి పగులుతది. 1975ల ఏర్పడ్డ కమిటీ కింద ఆ ఇనుము తీసి టైటానియం పెడుతున్నరు. 1687ల వెనీసువాళ్ల గుండు పడి లోపల దాచిన తుపాకిమందు పేలిన కథ అందరు చెప్తరు. తుప్పు కథ అంత మంది చెప్పరు. మంచి చేద్దామని చేసిన మరమ్మతు ఎట్ల హాని చేస్తదో పిల్లలకు అక్కడ తెలుస్తది.

చెప్పుల మాట. ఆ కొండ మీద పాలరాయి నూరేండ్ల నుంచి కాళ్ల కింద అరిగి నున్నగైంది. వాన చినుకు పడ్డదంటే జారుతది. లోతైన గాట్లున్న రబ్బరు అడుగు బూట్లే వేయించండి. కొత్త స్నీకర్ల నున్నటి అడుగు పనికిరాదు. మ్యూజియంల బొమ్మ గీయాలంటే పెన్సిలు మాత్రమే తీసుకుపొండి. మూడుకాళ్ల స్టాండు, డ్రోను అనుమతి లేకుండ తీసుకపోవద్దు.

టికెట్టు వేళ గుర్తుతో ఉంటది. పొద్దున 8 గంటల స్లాటు తీసుకోండి. ఆక్రొపొలిస్ మ్యూజియం టికెట్టు వేరే, కొండ టికెట్టుతోని లోపలికి రానియ్యరు. 25 ఏండ్ల లోపువాళ్లకు ఉచితమన్నది ఐరోపా సమాఖ్య దేశాలవాళ్లకు, మన పాస్‌పోర్టుకు కాదు. చలికాలం నెల మొదటి ఆదివారం ప్రభుత్వ క్షేత్రాలు అందరికి ఉచితం. గని ఆ రోజు జనం ఎక్కువ, పాఠం సాగది.

గుంటూరు_లా

అగోరా (ప్రాచీన ఏథెన్స్ సంత, సభల మైదానం) గురించి ఎవరూ రాయలేదేంటి? న్యాయశాస్త్రం పిల్లలుంటే రెండు రోజులు అక్కడే పెట్టండి. అట్టలోస్ స్తోవా అనే స్తంభాల వసారాలో మ్యూజియం ఉంది, ఆ కట్టడాన్ని 1950లలో తిరిగి నిలబెట్టారు. నీటి గడియారం, తీర్పు చెప్పే జూరీ సభ్యుల్ని చీటీ పద్ధతిలో ఎంచే రాతి పలక, కంచు ఓటు బిళ్లలు అన్నీ ఒకే గదిలో దొరుకుతాయి.

నీటి గడియారం కుండలో 6.4 లీటర్లు పడుతుంది, ఖాళీ కావడానికి ఆరు నిమిషాలు. దీంతో నమూనా విచారణ నడపండి. ఒక ప్లాస్టిక్ బకెట్టుకి అడుగున రంధ్రం చేసి, ఆరు నిమిషాల్లో ఖాళీ అయ్యేలా ముందురోజు సరిచూసుకోండి. నీటిమట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది, అందుకని సగం నీళ్లు పోయేసరికి సగం సమయం కాలేదని వాదించేవాడికి ముందే చెప్పాలి. ఓటు బిళ్లల్లో నడుమ గొట్టం బోలుగా ఉన్నది వాదికి, గట్టిగా ఉన్నది ప్రతివాదికి. గొట్టం రెండు చివరలనీ వేళ్లతో మూసి పట్టుకుంటే ఏది వేస్తున్నారో ఎవరికీ కనిపించదు. రహస్య ఓటు ఎలా సాధించారో చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ బిళ్లల నమూనాలు అట్టతో, స్ట్రాలతో చేసుకోవచ్చు.

దానికి జతగా పెంకుల మీద పేర్లు రాసి నగర బహిష్కారం విధించే పద్ధతి. ఆరువేల ఓట్లు పడితేనే చెల్లేది, పదేళ్లు బయటికి. ఆక్రొపొలిస్ ఉత్తర వాలులో ఒక బావిలో ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ పేరున్న 190 పెంకులు దొరికాయి. చేతిరాత చూస్తే అన్నీ రాసినవాళ్లు 14 మందే. ముందే రాసిపెట్టి జనానికి పంచారన్నమాట. ఎన్నికల గురించి మాట్లాడుకోవడానికి దీనికి మించిన ఆధారం ఏముంటుంది?

కుమ్మరి_సారె

గ్రీకు కుండల మీద ఒక పూట కార్యశాల పెట్టుకుంటే కెరామెయికోస్ (ఏథెన్స్ పాత కుమ్మరివాడ), జాతీయ మ్యూజియం రెండూ కొత్తగా కనిపిస్తాయి. చాలామంది నలుపు రంగు పూశారనుకుంటారు. రంగు లేదు, ఒకే మట్టి.

ఇనుము ఎక్కువున్న మట్టిని నీళ్లలో కలిపి, కొంచెం కట్టెబూడిద ఉప్పు వేసి కదపకుండా కొన్ని రోజులు ఉంచాలి. బరువు రేణువులు అడుక్కి దిగుతాయి, పైన తేలిన అతిసన్నటి తేటను మాత్రం వంచుకోవాలి. దాన్ని మీగడంత చిక్కబడేదాకా ఆరబెడితే అదే పూత. ఆరిన కుండ మీద దానితో బొమ్మ వేస్తారు. ఆ తర్వాత ఆవంలో మూడు దశలు.

మొదటిది, గాలి ఆడేలా ఉంచి 800 డిగ్రీల దాకా. కుండ, పూత రెండూ ఎర్రబడతాయి. రెండోది, గాలి కంతలు మూసి పచ్చికట్టె వేసి 900–950 దాకా. ఆక్సిజన్ అందక మొత్తం నల్లబడుతుంది, సన్నటి పూత మాత్రం కరిగినట్టై గాజులా బిగుస్తుంది. మూడోది, వేడి తగ్గిస్తూ మళ్లీ గాలి వదలడం. సన్నటి రంధ్రాలున్న కుండ ఒంట్లోకి గాలి దూరి తిరిగి ఎర్రనవుతుంది. బిగుసుకుపోయిన పూతలోకి గాలి చొరబడదు, నల్లగానే మిగులుతుంది.

చెడిపోయేది మూడు చోట్ల. పూత పలచనైతే మూడో దశలో అదీ ఎర్రబారుతుంది. రెండో దశలో వేడి చాలకపోతే పూత బిగుసుకోదు, ఫలితం అదే. మూడో దశ పొడిగిస్తే నలుపు మీద ఎర్ర మచ్చలు లేస్తాయి. మ్యూజియంలో కుండలకి ఒక పక్క ఎర్రగా మాడినట్టుండే గుండ్రటి మచ్చలు వెతకమనండి. పక్క కుండ ఆనుకుని రెండో దశలో పొగ అందని చోట్లు అవి. తప్పుపోయిన కుండలే పద్ధతిని బాగా చెబుతాయి.

మన తెలంగాణ, ఆంధ్ర బృహత్‌శిలా సమాధుల్లో దొరికే నలుపు–ఎరుపు కుండలు కూడా గాలి అందడం, అందకపోవడం మీద ఆధారపడ్డవే. మ్యూజియంలో ఇవి చూసినవాళ్లకి ఆ పోలిక చెప్పండి. ఒకరి నుంచి ఒకరు నేర్చారని మాత్రం చెప్పొద్దు, ఆధారం లేదు.

కార్యశాలలో పూర్తి మూడు దశల కాల్పు ఒక పూటలో అవదు. పూత వేయడం, బొమ్మ గీకడం పిల్లల చేత చేయించి, కాల్పు ఆ కుమ్మరికి వదిలి, వారం తర్వాత తెచ్చుకునేలా కోర్సు మొదటి వారంలోనే పెట్టుకోండి.

తెనాలి_సాహితి

ఎంతో ఓపిగ్గా రాస్తున్నారు, అందరికీ కృతజ్ఞతలు. క్రీట్, ఒలింపియా, డీలోస్ తీసేశాం. ఇంకో మూడు ప్రశ్నలు. ఏథెన్స్ బయట బస ఎక్కడ? శాకాహారుల సంగతేంటి, 18 మందిలో ఏడుగురున్నారు. మూడు క్రెడిట్ల గంటలు 14 రోజుల్లో ఎలా సరిపోతాయి?

ఓరుగల్లు_కోట

ఏథెన్స్‌ల తొమ్మిది రాత్రులు, నాఫ్‌ప్లియోల మూడు, డెల్ఫీ ఊళ్ల ఒకటి. పెట్టెలు సర్దుడు తక్కువైతది.

నాఫ్‌ప్లియో నుంచి టిరిన్స్ పక్కనే, మైసీనే పాతిక కిలోమీటర్ల లోపల, ఎపిడారస్ ముప్పై లోపల. పోయేటప్పుడు దారిల ప్రాచీన కొరింత్ ఆగండి. మైసీనేల సింహద్వారం దగ్గర అందరు ఫొటో దిగి పోతరు. మీరు అట్రియస్ ఖజానా అనే సమాధిల గంట గడపండి. గడప మీది దూలపు రాయి దాదాపు 120 టన్నులు, గోపురం అడ్డం పద్నాలుగున్నర మీటర్లు. ఒక్కొక్క రాతి వరుస కొద్దిగ ముందుకు జరిపి పేర్చి మూసిండ్రు, నిజమైన కమాను కాదు. దూలం పైన మూడుకోణాల ఖాళీ ఎందుకు వదిలిండ్రో పిల్లలను అడగండి. సింహద్వారంల అదే ఖాళీని సింహాల రాయి నింపింది. బరువు పక్కలకు దిగాలె, దూలం మీద పడొద్దు.

డెల్ఫీ ఏథెన్స్‌కు 180 కిలోమీటర్ల దూరం, బస్సుల మూడు గంటలు. లియోసియోన్ బస్టాండు నుంచి కేటెల్ అనే దూరపు బస్సులుంటయి. పొద్దున పోయి సాయంత్రం వచ్చుడు జనవరిల వద్దు, మూడున్నరకు గేటు పడుతది. రాత్రి ఆగి మర్నాడు ఎనిమిదిన్నరకు లోపలికి పొండి. దారిల అరాఖోవా అనే కొండ ఊరి దగ్గర మంచు పడితే దారి మూస్తరు, ఆ మర్నాడు ఏథెన్స్‌ల పరీక్ష పెట్టుకోవద్దు. గాలికి గొడుగు నిలవది, టోపీ ఉన్న వానకోటు ఇప్పియ్యండి.

శిలాశాసనం

డెల్ఫీలో ఒక మాట తప్పక వస్తుంది, పీథియా ఆవిరి పీల్చి పలికిందని. 1892లో తవ్వకాలు మొదలుపెట్టిన ఫ్రెంచివాళ్లకి గుడి కింద పగులు కనబడలేదు. 2001లో భూగర్భ శాస్త్రవేత్తలు గుడి కింద రెండు భ్రంశాలు (భూమి పొరల పగుళ్లు) కలుస్తాయని, నీటిలో ఈథేన్, ఇథిలీన్ జాడలున్నాయని ప్రకటించారు. ఆ పరిమాణం మత్తుకి చాలదని మరికొందరు వాదించారు. విద్యార్థులకి రెండు పక్షాలూ ఇచ్చి వాదించమనండి. తేలిపోయిన సత్యంగా చెప్పకండి.

ఎపిడారస్‌లో నాణెం పడేసే తంతు కూడా అలాంటిదే. 55 వరసల ఆ రంగస్థలంలో పై వరస దాకా నాణెం చప్పుడు స్పష్టంగా వినిపిస్తుందని గైడ్లు చెబుతారు. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిస్తే చప్పుడు చేరుతోంది గానీ అది నాణెమని గుర్తుపట్టేంత స్పష్టత పై వరసల్లో లేదని తేలింది. గట్టిగా పలికే నటుడి గొంతు మాత్రం అందుతుంది. మీరే కొలవండి. వరస 1, 20, 34, 55ల్లో ఒక్కొక్కరు కూర్చుని, కింద నిలబడ్డవారు పది మాటలు మామూలు గొంతుతో, పది పెంచిన గొంతుతో చదివితే, విన్నవి రాసుకోవాలి. గుంపులు తక్కువుండే జనవరి పొద్దుటే ఈ కొలత కుదురుతుంది.

మెతుకు_లక్ష్మి

శాకాహారుల సంగతి నేను చెబుతానమ్మా. ‘నిస్తీసిమో’ అన్న మాట నేర్పండి, అంటే ఉపవాసపు తిండి. మాంసం, పాలు, గుడ్డు లేనిదని అర్థం. జాగ్రత్త, స్క్విడ్, రొయ్యలాంటివి ఆ ఉపవాసంలో నిషేధం కాదు. కాబట్టి అవి కూడా వద్దని విడిగా చెప్పాలి.

ధైర్యంగా తినదగినవి: ఫావా, అంటే పసుపు పప్పు ముద్ద. గిగాంతెస్, పెద్ద చిక్కుడు గింజలు టమాటాలో ఉడికినవి. ఫాసొలాదా చిక్కుళ్ల పులుసు, ఫాకెస్ మసూర్‌లాంటి పప్పు, రెవీథ్యా శనగల పులుసు, ఖోర్తా అనే ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం. చలికాలం ఆకుకూరలకి మంచి కాలం. గెమిస్తా (లోపల కూరిన కూరగాయలు), చుట్టిన ద్రాక్షాకుల దొల్మాదెస్‌లో మాంసం ఉంటుందో లేదో అడగాలి, రెండు రకాలుగానూ చేస్తారు. అవ్గొలేమొనో అంటే గుడ్డు, నిమ్మ కలిపిన పులుసు. చూడటానికి పప్పుచారులా ఉంటుంది, శాకాహారులు దగ్గరికి పోవద్దు.

బస వంటగది ఉన్నదైతే వారపు సంత ‘లైకీ’లో పప్పులు, కూరలు చవగ్గా వస్తాయి. కుక్కర్ పంపేవాళ్లకి ఓ మాట, అక్కడ 230 వోల్టులే గానీ మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కావాలి. ఏథెన్స్ కొళాయి నీళ్లు తాగొచ్చు.

ఇంకా ముఖ్యం, వేడి. పాత అపార్టుమెంట్లలో తాపన వ్యవస్థ భవనానికంతటికీ ఒకటే ఉండి రోజుకి కొన్ని గంటలే నడుస్తుంది. బుక్ చేసేటప్పుడే ఇంటికి విడి తాపన ఉందా, ఎన్ని దుప్పట్లిస్తారు అని రాసి అడగండి. జనవరిలో పగలు 13 డిగ్రీల ప్రాంతం, రాత్రి 7కి దిగుతుంది. చలి పెద్దది కాదు, తడిబట్టలు ఆరకపోవడమే పెద్ద ఇబ్బంది. మేజోళ్లు ఎక్కువ జతలు పెట్టించండి.

డాలస్_వేణు

క్రెడిట్ల లెక్క. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్‌కి సుమారు 15 బోధన గంటలు, మూడిటికి 45. రాకపోకల రోజులు తీస్తే 12 రోజులు మిగులుతాయి, రోజుకి మూడు ముప్పావు గంటలు. క్షేత్రంలో గడిపిన రెండు గంటల్ని ఒక బోధన గంటగా లెక్కించే చోట్లున్నాయి. మీ రిజిస్ట్రార్ ఎలా లెక్కిస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. బయలుదేరేముందు ఆన్‌లైన్‌లో ఆరు గంటలు పెడితే అక్కడి రోజులు ఊపిరి పీల్చుకుంటాయి. హైదరాబాద్ కాలేజీల పిల్లలకి సిలబస్, గంటల పట్టిక, మార్కుల విధానం మూడూ కలిపి ఒకే పత్రంగా ఇవ్వండి, లేకపోతే తిరిగొచ్చాక క్రెడిట్ బదిలీలో కొర్రీ పడుతుంది.

క్షేత్రంలో బృందానికి వివరించడం అక్కడ లైసెన్సున్న గైడ్ల వృత్తి. మీ అధ్యాపకుడే పాఠం చెబుతానంటే యూనివర్సిటీ ఉత్తరం, విద్యార్థుల పేర్ల జాబితా వెంట ఉండాలి, అనుమతికి ముందే రాసుకోవాలి. చేతిలో కాగితం లేకుండా 18 మంది ముందు నిలబడి మాట్లాడితే కాపలాదారు ఆపొచ్చు.

కరీంనగర్_కవిత

వ్యాసానికి మన నేలతో ముడిపడ్డ అంశమేదైనా ఉంటుందా?

శిలాశాసనం

మూడు చెబుతాను. రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకి 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. ఇది మెగస్తనీస్ నుంచి వచ్చిందా, తర్వాతి కాలపు సమాచారమా అన్నది వాదం. గ్రీకు రాయబారి మాట లాటిన్ పుస్తకంలోకి ఎలా చేరుతుందో పరిశీలించే మంచి వ్యాసమవుతుంది.

రెండోది విదిశ దగ్గరి హెలియోడోరస్ స్తంభం, క్రీ.పూ. రెండో శతాబ్దం చివరిది. తక్షశిల గ్రీకు రాజు అంతియాల్కిదాస్ పంపిన రాయబారి వాసుదేవుడికి గరుడ స్తంభం నిలిపాడు, శాసనం బ్రాహ్మీ లిపిలో ప్రాకృతం.

మూడోది నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలపు మెట్ల రంగస్థలాన్ని డ్యాము నీళ్లలో మునగకుండా అనుపులో తిరిగి కట్టారు. దాన్ని గ్రీకు రంగస్థలమని చెప్పేవాళ్లున్నారు. ఎపిడారస్ కొండవాలు మీద అర్ధవృత్తానికి మించి వంగుతుంది, ఒక పక్క తెరిచి ఉంటుంది. మనది దీర్ఘచతురస్రం, నాలుగు వైపులా మెట్లు. ఎపిడారస్‌లో వేసిన కొలత పట్టికనే అనుపులోనూ నింపి, తేడాలు చూపించి, ఆ తర్వాత సంబంధం మాట ఎత్తమనండి.

ఓరుగల్లు_కోట

చివరగా సమ్మెల సంగతి. మెట్రో, ఓడలు, ఒక్కోసారి మ్యూజియాలు కూడ 24 గంటలు ఆగుతయి. చాలాసార్లు ముందే ప్రకటిస్తరు. బసను పాంగ్రాతి, కూకాకీ లాంటి చోట తీసుకుంటే ఆక్రొపొలిస్, అగోరా నడిచి పోవచ్చు, మెట్రో ఆగినా పాఠం ఆగది. సమ్మె రోజు కోసం ఫిలొపాప్పోస్ గుట్ట, ప్నిక్స్, ఆరియోపాగస్ నడకను పక్కకు పెట్టుకోండి. వాటికి టికెట్టు లేదు. ఆఖరి రెండు రోజులు ఏథెన్స్‌లనే, నివేదికలకు. విమానాశ్రయానికి మెట్రో 9 యూరోలు, సింటగ్మా నుంచి ఎక్స్95 బస్సు ఐదున్నర యూరోలు, అది రాత్రంతా నడుస్తది.